గీస్తేనే కనబడిన దేహం

పునరుజ్జీవన కాలపు ఇటలీ చిత్రకారుల గురించి మన పత్రికల్లోనూ వీడియోల్లోనూ తరచూ వినబడే కథ ఒకటుంది. చర్చి శవచ్ఛేదనను నిషేధించిందనీ, లియొనార్డో దావించీ, మైకెలాంజిలో వంటివారు ప్రాణాలకు తెగించి అర్ధరాత్రి శ్మశానాల నుంచి శవాలను ఎత్తుకొచ్చి, రహస్యంగా కోసి చూసి, ఆ తరువాత తమ బొమ్మలకు ప్రాణం పోశారనీ ఆ కథ చెబుతుంది. ఈ కథలోని చారిత్రకమైన తప్పులను సరిదిద్దడం పెద్ద కష్టం కాదు. నన్ను ఎక్కువగా బాధించేది దాని అడుగున ఉన్న నమ్మకం. ఆ నమ్మకం ప్రకారం తెలుసుకోవడమంతా కత్తి చేసిన పని. బొమ్మ ఆ తరువాత వచ్చిన అలంకారం మాత్రమే. ఆ కాలపు కాగితాలను శ్రద్ధగా చూసినకొద్దీ నాకు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన అభిప్రాయం బలపడుతూ వచ్చింది. దేహాన్ని కోయడం అంతకు రెండు శతాబ్దాల ముందు నుంచే జరుగుతోంది. కొత్తగా వచ్చింది గీయడం. ఆ గీయడమే పరిశోధన అయింది.

ముందు చరిత్ర సంగతి చూద్దాం. 1299లో పోప్ ఎనిమిదవ బోనిఫేస్ జారీ చేసిన ఆజ్ఞను శవచ్ఛేదనపై నిషేధంగా చాలామంది చెబుతుంటారు. అది నిజానికి దూరదేశాల్లో చనిపోయినవారి శవాలను ముక్కలు చేసి, ఉడకబెట్టి, ఎముకలను మాత్రం స్వదేశానికి మోసుకెళ్ళే ఆచారాన్ని ఆపడానికి వచ్చింది. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే, 1316లో, బొలోన్యా విశ్వవిద్యాలయంలో మోందీనో దె లూత్సీ శవచ్ఛేదనకు మార్గదర్శిగా ఒక పుస్తకం రాశాడు. రెండు వందల ఏళ్ళపాటు వైద్య విద్యార్థులకు అదే పాఠ్యగ్రంథం. మైకెలాంజిలో పద్ధెనిమిదేళ్ళ వయసులో ఫ్లోరెన్సులోని సాంతో స్పిరితో మఠంలో శవాలను పరిశీలించినప్పుడు ఆయనకు గది ఇచ్చి అనుమతించినవాడు ఆ మఠాధిపతే. అందుకు కృతజ్ఞతగా ఆ యువకుడు ఒక చెక్క శిలువమూర్తిని చెక్కి ఇచ్చాడు. అడ్డంకులు అసలే లేవని కాదు. లియొనార్డో చివరి దశలో రోములో ఉన్నప్పుడు ఎవరో ఫిర్యాదు చేయడం వల్ల ఆసుపత్రిలో ఆయన శవ పరిశీలన ఆగిపోయింది. అయితే ఆ కాలమంతటా శవాలు ఎక్కువగా వచ్చినవి ఉరిశిక్ష పడినవారి నుంచీ, ఆసుపత్రుల్లో దిక్కులేక చనిపోయినవారి నుంచీ. ఈ జ్ఞానమంతా పేదల దేహాల మీద నిలబడిందన్న మాటను మాత్రం మనం మరచిపోకూడదు.

అంతకాలంగా కోస్తూనే ఉంటే కొత్త సంగతులు ఎందుకు బయటపడలేదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. 1490లలో వెనిస్‌లో అచ్చయిన ఒక వైద్య గ్రంథంలో చెక్క దిమ్మెతో అచ్చువేసిన బొమ్మ దీనికి జవాబు చెబుతుంది. ఎత్తయిన పీఠం మీద ఆచార్యుడు కూర్చుని ఉంటాడు. కింద బల్ల మీద శవం ఉంటుంది. దాన్ని కోయడానికి మరొక మనిషి వంగి ఉంటాడు. పాఠం పైనుంచి వినబడుతుంది, దేహం కింద కనబడుతుంది, రెండింటికీ మధ్య ఆ పీఠమంత దూరం ఉంటుంది. పైనుంచి వినబడే పాఠం ప్రధానంగా క్రీస్తుశకం రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్‌ది. గాలెన్ గొప్ప పరిశీలకుడే గానీ ఆయన కోసినవి ఎక్కువగా కోతులూ పందులూ. అందుకే మనిషి కింది దవడలో రెండు ఎముకలు ఉంటాయనీ, కాలేయానికి అయిదు తమ్మెలు (విడి భాగాలు) ఉంటాయనీ, మెదడు అడుగున అద్భుతమైన రక్తనాళాల వల ఒకటి ఉంటుందనీ పుస్తకాల్లో నిలిచిపోయింది. ఆ వల ఎద్దులకూ గొర్రెలకూ ఉంటుంది, మనిషికి ఉండదు. మనిషి శవాన్ని ఎదురుగా పెట్టుకుని కూడా తరతరాల విద్యార్థులు ఆ వలను చూశామనే అనుకున్నారు. కంటికి ఉన్న బలహీనత ఇదే. చెవి ముందుగా విన్నదాన్ని అది చూసినట్టు ఒప్పేసుకుంటుంది.

చేయి అంత తేలికగా ఒప్పుకోదు. కాలేయానికి తమ్మెలున్నాయని నోటితో చెప్పడం సులువే, కానీ దాన్ని గీయాలంటే ఒక తమ్మె ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో గీతకు తెలిసి తీరాలి. తెలియకపోతే మళ్ళీ దేహం వైపు చూడక తప్పదు.

ఈ సంగతి వైద్యులకన్నా ముందు ఫ్లోరెన్సు చిత్రకారులకు అర్థమైంది. ఆ నగరంలో చిత్రకారులు వైద్యులతోనూ మందుల వర్తకులతోనూ కలిసి ఒకే శ్రేణిలో, అంటే వృత్తి సంఘంలో, సభ్యులుగా ఉండేవారు. రంగులు అమ్మేది మందుల అంగళ్ళలోనే. 1435లో చిత్రకళ మీద పుస్తకం రాసిన లియోన్ బత్తీస్తా అల్బెర్తీ, మనిషిని వేసేటప్పుడు ముందు ఎముకలు, తరువాత కండరాలు, ఆపైన చర్మం, చివరికి బట్టలు వేయాలని చిత్రకారులకు చెప్పాడు. కాగితం మీద దేహాన్ని లోపలి నుంచి బయటికి కట్టుకుంటూ రావాలన్నది ఆయన ఉద్దేశం. ఆ తరువాతి తరంలో పొల్లయ్‌వోలో అనే చిత్రకారుడు అనేక శవాల చర్మం ఒలిచి కండరాలను పరిశీలించాడని, చిత్రకారుల జీవిత చరిత్రలు రాసిన వసారీ చెప్పాడు. పొల్లయ్‌వోలో చెక్కిన నగ్న యోధుల పోరాట చిత్రంలో పది మంది మగవాళ్ళ ఒంట్లో ప్రతి కండరమూ ఒకేసారి బిగుసుకుని ఉంటుంది. అది చూస్తే జ్ఞానం ఉంది గానీ వివేచన ఇంకా రాలేదనిపిస్తుంది. లియొనార్డో ఇటువంటి బొమ్మలను చూసే కాబోలు, వాల్‌నట్ కాయలు నింపిన సంచీలా దేహాన్ని వేయవద్దని హెచ్చరించాడు. ఏ కదలికకు ఏ కండరం పనిచేస్తుందో, ఏది ఊరికే పడి ఉంటుందో తెలిసినవాడే ఆ తేడా చూపగలడని ఆయన అభిప్రాయం.

ఇక్కడి నుంచి లియొనార్డో దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా వాదనకు ప్రధాన సాక్షి ఆయనే.

ఆయన గీసిన కపాల చిత్రాల్లో ఒకదాని మీద 1489 ఏప్రిల్ 2 అన్న తేదీ ఉంది. ఆ వరుసలోని ఒక బొమ్మలో పుర్రె మనకు ఎదురుగా ఉంటుంది. ఒక సగం ముఖం మామూలుగా ఉంటుంది. రెండవ సగంలో ముందు ఎముకను రంపంతో కోసి తీసేసి లోపలి గదులను చూపించాడు. నుదుటి వెనకా చెంప ఎముక లోపలా ఉండే గాలి గదులు ఆ కోతలో స్పష్టంగా కనబడతాయి. చెంప లోపలి గదిని వైద్య గ్రంథాలు చక్కగా వర్ణించడానికి ఇంకా నూట యాభై ఏళ్ళకు పైగా పట్టింది. ఇక్కడ మెచ్చుకోవలసింది ముందుగా కనిపెట్టిన ఘనతను కాదు, రెండు సగాలను పక్కపక్కన నిలిపిన ఆలోచనను. పైన కనబడే కంటి గుంటకు లోపలి గది ఎంత దిగువన ఉందో చూసేవాడే పోల్చుకోవచ్చు. అసలు పుర్రెలో ఆ పోలిక దొరకదు, ఎందుకంటే కోసిన తరువాత పై ఎముక ఉండదు, కోయకముందు లోపలి గది కనబడదు. రెండూ ఒకేసారి ఉండగలిగే చోటు కాగితం ఒక్కటే.

అదే కాలంలో ఆయన మెదడును కూడా గీశాడు. అప్పటి శాస్త్రం మెదడులో మూడు గదులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయని చెప్పేది. ఇంద్రియాల అనుభూతి ఒకదానిలో, ఆలోచన మరొకదానిలో, జ్ఞాపకం చివరిదానిలో ఉంటాయని నమ్మేవారు. 1490 ప్రాంతపు ఆయన కాగితంలో ఆ మూడు గదులూ కంటి వెనక వరుసగా, గుండ్రంగా, ఎంతో పొందికగా ఉంటాయి. అది ఆయన విన్న మెదడు. దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత ఆయన ఒక ఎద్దు మెదడు తీసుకుని, గాలి బయటికి పోవడానికి రంధ్రాలు చేసి, లోపలి గదుల్లోకి కరిగించిన మైనాన్ని పిచికారీతో ఎక్కించాడు. మైనం గట్టిపడ్డాక చుట్టూ ఉన్న మెదడును తొలగిస్తే ఆ ఖాళీల అసలు ఆకారం చేతికి వచ్చింది. కంచు విగ్రహాలు పోతపోసే శిల్పుల పనితనాన్ని ఆయన శరీర శాస్త్రంలోకి తెచ్చాడు. ఆ అచ్చును చూసి గీసిన కాగితంలో పొందికైన మూడు గుండ్రాలు లేవు. కొమ్ముల్లా వంగి పక్కలకు విస్తరించే గదులున్నాయి. ఒకే మనిషి ఒకే విషయాన్ని విని గీసినప్పుడు ఒకలా, తాకి గీసినప్పుడు మరొకలా గీసిన ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, నేను చెప్పేదానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

1507-08 చలికాలంలో ఫ్లోరెన్సులోని సాంతా మరియా నువోవా ఆసుపత్రిలో ఆయన ఒక వృద్ధుడితో మాట్లాడాడు. తనకు నూరేళ్ళు దాటాయనీ, ఒంట్లో నీరసం తప్ప మరే బాధా లేదనీ ఆ పెద్దాయన చెప్పాడు. కొన్ని గంటల తరువాత మంచం మీద కూర్చుని ఉండగానే, ఎటువంటి కదలికా లేకుండా ప్రాణం విడిచాడు. అంత సునాయాసమైన మరణానికి కారణం ఏమిటో తెలుసుకోవడానికి లియొనార్డో ఆ దేహాన్ని పరిశీలించాడు. గుండెకూ కింది అవయవాలకూ పోషణనిచ్చే ధమని ఎండిపోయి, సన్నబడి, వడలిపోయి ఉందని రాసుకున్నాడు. దాన్ని రెండేళ్ళ పసివాడి దేహంతో పోల్చి, అక్కడ అంతా దీనికి విరుద్ధంగా ఉందని గమనించాడు. ధమనులు గట్టిపడి సన్నబడే జబ్బుకు ఇది తొలి వర్ణనల్లో ఒకటి. ఆ కాగితాల మీద నాళాలు ఒకచోట తిన్నగా, మరొకచోట మెలికలు తిరిగి కనబడతాయి. ముసలితనంలో నాళాలు పొడవై వంకర తిరుగుతాయని ఆయన చెప్పింది ఆ గీతల్లోనే ఉంది. ఆ వృద్ధుడి పేరు ఎక్కడా నమోదు కాలేదు. చనిపోయే ముందు తనతో మాట్లాడిన మనిషిని, కొన్ని గంటల తరువాత అంత శ్రద్ధగా గీసిన ఆ చేతిని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు భయమూ గౌరవమూ ఒకేసారి కలుగుతాయి.

చలికాలం అన్నది ఇక్కడ ముఖ్యమైన మాట. మందులు పెట్టి శవాన్ని నిలవ ఉంచే పద్ధతి లేదు కాబట్టి చలిలోనే పని సాగేది, అదీ కొద్ది రోజులే. రక్తనాళాల తీరు పూర్తిగా తెలుసుకోవడానికి తాను పదికి పైగా మానవ దేహాలను కోయవలసి వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు; మొత్తం మీద ఆ సంఖ్య ముప్ఫై దాటిందని తరువాత అన్నాడు. కోసి, చర్మం ఒలిచిన శవాల మధ్య రాత్రిళ్ళు గడపడానికి చాలామంది భయపడతారనీ, ఆ భయం లేకపోయినా గీయగల నేర్పు ఉండకపోవచ్చనీ, నేర్పు ఉన్నా ఓపిక ఉండకపోవచ్చనీ రాశాడు. ఈ జాబితాలో గీయగల నేర్పుకు ఆయన ఇచ్చిన చోటును గమనించాలి. అది లేనివాడు చూడలేడని ఆయన ఉద్దేశం.

1510-11లో పావియా విశ్వవిద్యాలయపు యువ ఆచార్యుడు మార్కంతోనియో దెల్లా తోర్రెతో కలిసి పనిచేసిన కాలంలో గీసిన పద్ధెనిమిది కాగితాలు నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ శిఖరం. సుమారు 240 బొమ్మలూ 13,000 మాటల వివరణా వాటిలో ఇరుకుగా సర్దుకుని ఉన్నాయి. వెన్నెముక వంపులను సరిగ్గా చూపిన తొలి చిత్రం అక్కడుంది. భుజాన్ని ముందు నుంచి వెనక వరకు, మనిషి నెమ్మదిగా తిరుగుతున్నట్టు వరుసగా గీసిన చిత్రాలున్నాయి. కండరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అడుగువి కనబడనిచోట, వాటి బదులు దారాలు గీశాడు. ప్రతి దారమూ ఒక కండరం లాగే దిశను చూపుతుంది, కింద ఉన్నదేదీ మరుగున పడదు. చేతి పైభాగంలో ముందువైపున్న ద్విశిర కండరం మోచేతిని వంచడమే గాక అరచేతిని పైకి తిప్పుతుందని కూడా ఆయన గుర్తించాడు. ఎముకకు అది అంటుకునే చోటును గీయాలనుకున్నవాడికే ఆ ప్రశ్న పుడుతుంది.

ఈ భుజం కాగితాలను, అవి ఇప్పుడున్న ఇంగ్లండు రాజకుటుంబపు సంగ్రహం (రాయల్ కలెక్షన్) వారి డిజిటల్ ప్రతుల నుంచి పెన్సిల్‌తో నకలు చేయడం నాకు అలవాటు. అలా చేస్తున్నప్పుడు భుజాన్ని కప్పే పెద్ద కండరం, మెడ కింద అడ్డంగా ఉండే జత్రుక ఎముక దగ్గరకు వచ్చేసరికి చేయి ఆగిపోతుంది. చూసినప్పుడు అంతా స్పష్టంగా ఉన్నట్టే ఉంటుంది. గీయబోతే ఆ పోగులు ఎముక పైఅంచుకు అంటుకున్నాయా, ముందు ముఖానికి అంటుకున్నాయా అన్నది తేల్చుకోవలసి వస్తుంది. అప్పుడు మళ్ళీ చూస్తే, అక్కడ ఆయన నీడ గీతలను వంచి ఆ సంగతిని ఎప్పుడో చెప్పేశాడని తెలుస్తుంది. ఆయన ఎడమచేతి వాటం వల్ల నీడ గీతలు పై ఎడమ నుంచి కింది కుడికి వాలుతాయి. ఆకారం తిరిగినచోట మాత్రం ఆ గీతలూ దానితో పాటు తిరుగుతాయి. ఇదంతా వట్టి చూపుకు దొరకదు.

మన ఇంటర్మీడియట్ బైపీసీ ల్యాబుల్లో జరిగేది గుర్తున్నవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది. ట్రేలో మైనం మీద గుండుసూదులతో గుచ్చిన బొద్దింక ఎదురుగానే ఉండేది. రికార్డులోకి ఎక్కే బొమ్మ మాత్రం సీనియర్ రికార్డు నుంచి వచ్చేది, ఆ సీనియర్‌కు మరో సీనియర్ నుంచి వచ్చింది. బొమ్మ శుభ్రంగా ఉంటే, పేర్లు ఒకే వరుసలో రాస్తే మార్కులు పడేవి. అలా గీయడం పీఠం మీది ఆచార్యుడు చదివిన పాఠాన్ని పెన్సిల్‌తో వల్లించడమే అవుతుంది. గీయడానికి ఉన్న శక్తిని పిల్లలకు చూపించగల ఒకే ఒక్క అవకాశాన్ని మనం అందమైన చేతిరాత పోటీగా మార్చుకున్నామన్న బాధ నాకుంది.

నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణలూ లియొనార్డోలోనే ఉన్నాయి, వాటిని దాటవేయడం న్యాయం కాదు. గర్భంలో ముడుచుకుని ఉన్న శిశువు చిత్రం ఆయన బొమ్మల్లో అందరికీ తెలిసినది. శిశువు భంగిమ, మెడ వంపు, మడిచిన కాళ్ళు చూస్తే కన్ను తిప్పుకోలేము. కానీ అందులో మావి మనిషిది కాదు. ఆవు గర్భంలో ఉండేలా విడివిడి బొడిపెలుగా ఉంది. ఆయన గర్భంతో ఉన్న ఆవును పరిశీలించాడు, ఆ భాగాన్ని అక్కడి నుంచి తెచ్చి ఇక్కడ అతికించాడు. చేయి ఎంత నేర్పుగలదైతే అబద్ధం అంత నమ్మదగినదిగా ఉంటుందన్నది నిజమే. అయితే ఆయన తప్పులు ఎక్కువగా ఎక్కడ ఉన్నాయో చూడండి: వస్తువు ఎదురుగా లేని చోట, విన్నదానితోనో మరో జంతువుతోనో ఖాళీని పూరించిన చోట.

గుండె విషయంలో ఈ సమర్థన కూడా పూర్తిగా నిలవదు. 1513 ప్రాంతంలో ఆయన ఎద్దు గుండెను గీశాడు, అదీ ఎంత దగ్గరగా అంటే గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని మొదట్లో ఉండే మూడు రేకుల కవాటం మూసుకునే తీరును, రేకుల వెనక రక్తం సుడులు తిరగడం వల్ల అవి విచ్చుకుని కలుసుకుంటాయని వివరించేటంత దగ్గరగా. దాన్ని పరీక్షించడానికి బృహద్ధమని ఆకారంలో గాజు నమూనా చేయించి, గడ్డి గింజలు కలిపిన నీటిని పోసి, సుడులను చూసి గీయాలని పథకం వేశాడు. 1960ల చివర్లో ఆక్స్‌ఫర్డ్ ఇంజినీర్లు ఆ సుడులు నిజమేనని ప్రయోగాలతో చూపించారు. ఇంత చూసినవాడు కూడా గుండె నడిమి గోడలో కంటికి కనబడని రంధ్రాల గుండా రక్తం కుడి నుంచి ఎడమకు వెళుతుందన్న గాలెన్ మాటను వదలలేకపోయాడు. అందుకే కవాటాలు రక్తాన్ని వెనక్కి రానివ్వవని తెలిసినా, రక్తం దేహమంతా తిరిగి వస్తుందన్న సంగతి దాకా పోలేదు. అది 1628లో ఇంగ్లండు వైద్యుడు హార్వీ చెప్పవలసి వచ్చింది. గీయడం చూపును పదును చేస్తుంది గానీ, లోకమంతా నమ్మినదాన్ని కాదనే ధైర్యాన్ని ప్రతిసారీ ఇవ్వదు.

మైకెలాంజిలో దారి వేరు. ఆయనకు లోపలి అవయవాలతో పెద్ద పని లేదు; చర్మం కింద ఏది కదిలితే చర్మం మీద ఏ వెలుగు మారుతుందో కావాలి. సిస్టీన్ ప్రార్థనాలయపు పైకప్పులోని లిబియా ప్రవక్త్రి కోసం ఆయన ఎర్ర సుద్దతో గీసిన కాగితం న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. మగ మనిషిని నిలబెట్టి గీశాడు. వీపు మొత్తం మెలి తిరిగి ఉంటుంది, చేతులు పక్కకు చాచి ఉంటాయి. ఆ పెద్ద బొమ్మ పక్కనే ఎడమ పాదాన్నీ, బొటనవేలినీ మళ్ళీ మళ్ళీ వేసుకున్నాడు. ఒంటి బరువంతా ఆ వేళ్ళ మీద ఆనుతుంది. అక్కడ నొక్కుడు సరిగా రాకపోతే పైన ఉన్న ఆ వీపు మెలిక అబద్ధమైపోతుంది. నేల నుంచి చాలా ఎత్తున ఉండే పైకప్పు కోసం ఒక బొటనవేలిని అన్నిసార్లు ప్రశ్నించిన మనిషిని శరీర శాస్త్రవేత్త అనడానికి నాకు సంకోచం లేదు. శవాలతో పని తన కడుపుకు పడక చివరికి మానేశాడని శిష్యుడు కొందీవీ రాశాడు. ఆ తరువాత కూడా వైద్యుడు రియాల్దో కొలంబోతో ఆయనకు స్నేహం ఉండేది, ఇద్దరూ కలిసి బొమ్మలతో ఒక గ్రంథం తెద్దామనుకున్నారు. కొలంబో పుస్తకం 1559లో వచ్చింది, కానీ లోపల మైకెలాంజిలో బొమ్మలు లేవు. దెల్లా తోర్రె 1511లో ప్లేగుతో చనిపోవడంతో లియొనార్డో గ్రంథమూ అలాగే ఆగిపోయింది. ఆయన కాగితాలు శిష్యుడు మెల్జీకి, తరువాత శిల్పి పొంపెయో లెయోనీకి చేరి, పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండు రాజకుటుంబపు సంగ్రహంలో పడ్డాయి. వాటిలో చాలా భాగం పంతొమ్మిదవ శతాబ్దం చివరిదాకా అచ్చు కాలేదు. అందువల్ల వైద్య చరిత్రలో లియొనార్డోకు చోటు లేదనేవారున్నారు. ప్రభావం గురించి మాట్లాడితే వారి మాట సరైనదే. దేహాన్ని ఎలా తెలుసుకోవచ్చన్న ప్రశ్నకు జవాబుగా మాత్రం ఆ కాగితాల విలువ అచ్చు వల్ల పెరగదు, తగ్గదు.

అచ్చు వల్ల లోకం మారింది 1543లో. పాదువాలో బోధిస్తున్న ఇరవై ఎనిమిదేళ్ళ ఆంద్రియాస్ వెసాలియస్ ఎత్తు పీఠం దిగి, తానే కత్తి పట్టి, గాలెన్ చెప్పిన రెండు వందలకు పైగా విషయాలను సరిదిద్దుతూ బాసెల్‌లో తన మహాగ్రంథాన్ని అచ్చు వేయించాడు. అందులో చర్మం ఒలిచిన మనుషులు ఒక్కో పుటలో ఒక్కో పొర విడుస్తూ పల్లె దృశ్యాల ముందు నిలబడతారు. చివరి పుటలకు వచ్చేసరికి కండరాలు వేలాడుతూ, నిలబడే బలం లేక గోడకు ఆనుకుంటారు. ఆ బొమ్మల చెక్క దిమ్మెలను వెనిస్‌లో చెక్కించి ఆల్ప్స్ పర్వతాలు దాటించి బాసెల్‌కు చేర్చారు. అవి నాలుగు వందల ఏళ్ళు నిలిచి రెండవ ప్రపంచ యుద్ధంలో మ్యూనిక్ మీద పడిన బాంబులకు నాశనమయ్యాయి.

ఆ బొమ్మలు గీసినదెవరో పుస్తకంలో ఎక్కడా లేదు. వెనిస్ చిత్రకారుడు టిషియన్ శిష్యుడు కాల్కార్ అని వసారీ అన్నాడు. టిషియన్ చిత్రశాలలోని పలువురని మరికొందరు పండితులంటారు. వెసాలియస్ మాత్రం కొన్నేళ్ళ తరువాత ఒక లేఖలో, తాను కోసిన శవాలకన్నా ఈ చిత్రకారుల చిరాకులే తనను ఎక్కువ బాధపెట్టాయని వాపోయాడు. నాకు ఆ ఫిర్యాదు విలువైన సాక్ష్యంగా కనబడుతుంది. చెప్పింది చెప్పినట్టు గీసేవారి మీద ఎవరూ అలా విసుక్కోరు. ఆ చిత్రకారులు శవం పక్కనే నిలబడి, ఆ వాసన భరిస్తూ, ఈ పోగు ఎటు పోతుందో చూపించమనీ, ఇంకొక్కసారి ఎత్తి పట్టుకోమనీ ఆచార్యుడితో వాదించి ఉండాలి. పేరు తెలిసినా తెలియకపోయినా, ఆ పుస్తకానికి కర్తల్లో వారినీ లెక్కించాలన్నదే నా వాదన.